ఆరడుగుల నేల ఎవరికి చాలును?

చదువవలసిన వాక్యభాగములు: 1 రాజులు 21:1–19, సంఖ్యాకాండము 27:1–7, ఫిలిప్పీయులకు 4:10–13

మన గ్రామసంఘములలో భూస్థాపన ఆరాధన జరిగించు బోధకులు తరచుగా చెప్పు కథ యొకటి కలదు. రష్యా దేశములో ఒక రైతు భూమిమీది ఆశతో ప్రొద్దు పొడిచినది మొదలు ప్రొద్దుగ్రుంకు వరకు తిరిగి, పరుగెత్తి, ప్రాణము విడిచెననియు, కడపట అతనికి అక్కరకు వచ్చినది ఆరడుగుల గొయ్యి మాత్రమే యనియు దాని సారాంశము. దానిని వ్రాసినవాడు లియో టాల్‌స్టాయి. 1886లో అది మొదట అచ్చుపడినది. నేను వేదాంత కళాశాలలో చదువుకొను దినములలో అక్కడి గ్రంథాలయములో ఇంగ్లీషు తర్జుమాలో దానిని చదివితిని. అప్పటినుండి ముప్పది సంవత్సరములుగా ఎన్ని సమాధులయొద్ద ఆ కథ చెప్పియుంటినో నాకు లెక్క తెలియదు. అది చిన్న కథ, తేట కథ. చదువురానివారు సహితము ఒక్కసారి వినినచో మరువరు.

కొంతకాలము క్రిందట ఒక వృద్ధ సహోదరుని భూస్థాపనలో అలవాటు చొప్పున ఆ కథనే చెప్పితిని. ఆయన బ్రదికినన్నాళ్లు ఇతరుల చేలలో దుక్కికి, నాట్లకు, కోతలకు కూలికి వెళ్లినవాడు. ఆయన పేరిట సెంటు భూమి లేదు. మూడవ దినమున ఆదరణ కూడికకు వెళ్లితిని. ప్రార్థన ముగిసి అందరును లేచుచుండగా ఆయన భార్య నన్ను ఆపి యిట్లడిగెను.

“అయ్యగారండీ, ఆరడుగులు చాలని రాసినాయనకి ఎంత పొలం ఉండేదండీ?”

ఆమె వేళాకోళమునకు అడుగలేదు. నిజముగా తెలిసికొనగోరి అడిగెను. “చాలానే ఉండేదమ్మా” అని మాత్రము చెప్పి యింటికి వచ్చితిని. కాని ఆ రాత్రి ఆ ప్రశ్న నన్ను నిద్రపోనియ్యలేదు. నేను చెప్పిన మాట అబద్ధము కాదు. అయినను చెప్పవలసినవారికి చెప్పక, చెప్పకూడనివారికి చెప్పితినేమో అను భయము కలిగెను. మరునాడు ఆ కథను బయటికి తీసి మొదటినుండి నిదానముగా చదివితిని. ముప్పది యేండ్లుగా నేను చెప్పుచు వచ్చినది ఆ కథలోని చివరి పుట మాత్రమే యని అప్పుడు తెలిసినది. ఈ వ్యాసము ఆ తల్లి ప్రశ్నకు నేను ఆలస్యముగా వ్రాయుచున్న జవాబు.

మొదట కథను ఉన్నదున్నట్లు చెప్పవలెను. పట్టణములో వర్తకుని పెండ్లాడిన అక్క, పల్లెలో రైతును పెండ్లాడిన చెల్లెలిని చూడవచ్చును. అక్క పట్టణపు సుఖములను గూర్చి గొప్పలు చెప్పుకొనును. చెల్లెలు పల్లె బ్రదుకే నిలుకడగలదని ఎదురు చెప్పును. చెల్లెలి భర్త పహోము పొయ్యి గట్టుమీద పండుకొని ఆ మాటలు వినుచు, మాకున్న కొరత భూమియొక్కటే, అది చాలినంత యున్న యెడల సాతానుకైనను భయపడనని తలంచును. పొయ్యి వెనుక కూర్చున్న సాతాను ఆ మాట విని, భూమినిచ్చియే వీనిని పట్టుకొందునని సంతోషించును.

ఇక్కడ ఆగి ఒక సంగతి గమనింపవలెను. పహోము కోరిక మొదట దుష్టమైన కోరిక కాదు. ఆ ఊరి ప్రక్కన ఒక దొరసానికి సుమారు 300 ఎకరముల భూమి కలదు. ఆమె నియమించిన కార్యనిర్వాహకుడు రైతుల పశువులు గట్టు దాటినప్పుడెల్ల జుల్మానాలు వేయుచు వారిని పీడించుచుండెను. ఆ బాధలో నుండియే పహోము కోరిక పుట్టినది. పశువుల కాళ్లకు గట్టు తెలియదు. ఆ జుల్మానా ఎట్టిదో మన పల్లెలలో నెరుగనివాడెవడు? తన పశువు తిరుగుటకు తనదైన నేల కావలెననుకొనుట పాపమని టాల్‌స్టాయి ఎక్కడను చెప్పలేదు. మేము బోధకులమే ఆ కథను అట్లు చెప్పితిమి.

తరువాత దొరసాని తన భూమిని అమ్మబోవుచున్నదని వార్త వచ్చును. రైతులందరు కలిసి ఉమ్మడిగా దానిని కొనవలెనని కూటములు జరుపుదురు. రెండు మారులు కూడుదురు గాని పొందిక కుదరదు. సాతాను వారి మధ్య కలహము విత్తెనని కథకుడు ఒక్క చిన్న వాక్యములో చెప్పి సాగిపోవును. నేనును ముప్పది యేండ్లు ఆ వాక్యమును దాటిపోయితిని. ఇప్పుడు చూడగా కథయంతటికి కీలు అదియే. సాతాను మొదట చేసిన పని పహోమును పరుగెత్తించుట కాదు; కలిసి కూర్చున్నవారిని విడదీయుట. కలిసి అడుగదలచినది చెడిపోయినందుననే ఎవనికి వాడు కొనవలసివచ్చెను. పహోము తన పొదుపు సొమ్ము తీసి, గిత్తగుఱ్ఱపు పిల్లను, తేనెపట్లలో సగమును అమ్మి, కుమారుని ఒకని కూలికి కుదిర్చి జీతము ముందుగా తెచ్చి, బావమరిది యొద్ద అప్పుచేసి సుమారు 40 ఎకరములు కొనెను.

ఆ తరువాతి భాగమును మా బోధకులలో ఎవరును చెప్పగా నేను వినలేదు. ఇరుగుపొరుగువారి పశువులు ఇప్పుడు పహోము పచ్చికలోనికి వచ్చుచుండెను. మొదట అతడు క్షమించెను. తరువాత ఓర్చుకొనలేక కోర్టుకెక్కెను. ఒకనిమీద తరువాత ఒకనిమీద జుల్మానా వేయించెను. తన అడవిలో చెట్లు నరికినవాడు ఫలానివాడేయని సాక్ష్యము లేకయే ఒకనిపై నేరము మోపెను. న్యాయస్థానము వానిని విడిచిపెట్టగా న్యాయాధిపతులతోను, ఊరి పెద్దలతోను కలహించెను. నిన్న జుల్మానా కట్టినవాడు నేడు జుల్మానా వేయువాడాయెను. దొరసాని కార్యనిర్వాహకుని మనస్సు, భూమి కాగితముతో పాటు పహోము ఇంటికి వచ్చెను.

అతని మరణము బాష్కీరుల మైదానములో సంభవించెనని మేము చెప్పుచున్నాము. నేనిప్పుడు అట్లనుకొనను. పొరుగువాని ఆవును కోర్టుకు ఈడ్చిన దినముననే పహోము చచ్చెను. ఆ పిమ్మట చేసినది శవపు నడక. భూమిమీది ఆశ, అధికారముమీది ఆశ అను రెండును వేరువేరు రోగములు కావని ఈ భాగము చూపుచున్నది. పల్లెలో భూమి యనగా గింజలు మాత్రమే కాదు. ఎవరిని అదలింపవచ్చును, ఎవరు మన వాకిట చేతులు కట్టుకొని నిలువవలెను అనునదియు భూమియే. పహోము ఆకలి తీరినది గాని అదలించు రుచి తగిలినది. ఆకలికి హద్దు కలదు. ఆ రుచికి హద్దు లేదు.

మిగిలిన కథ మీరెరిగినదే. దారిని పోవు ఒక రైతు మాటవిని వోల్గా నది ఆవలి కొత్త పల్లెకు కుటుంబముతో వలసపోయి మునుపటికంటె ఎన్నో రెట్లు భూమి పొందెను. అదియు ఇరుకాయెను. పిమ్మట ఒక వర్తకుని మాటవిని బాష్కీరుల మైదానమునకు వెళ్లెను. దినమునకు వెయ్యి రూబుళ్లు, ఒక దినములో చుట్టివచ్చినంత భూమి, బయలుదేరిన చోటికి ప్రొద్దుగ్రుంకకముందే చేరవలెను అనునది అక్కడి బేరము. నక్కతోలు టోపీ నేలపై గురుతుగా ఉంచబడెను. ఇంకొక మూల, ఇంకొక పల్లము, అవిసెలు బాగుగా పండు తేమనేల అనుచు అతడు దూరము పోయెను. చివరకు గుండె పగులునట్లు పరుగెత్తి వచ్చి టోపీని తాకి కూలెను. అతని పనివాడు తలనుండి మడమల వరకు కొలిచి గొయ్యి త్రవ్వెను.

ఇక ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు. టాల్‌స్టాయి 1828లో యాస్నయ పొల్యానా అను తమ జమీనులోనే పుట్టిన ప్రభువంశీయుడు. అంతమాత్రమే కాదు. అతడు ఆరోగ్యము కొరకు బాష్కీరులు సంచరించు సమారా మైదానములకు వెళ్లి, వారు ఇచ్చు గుఱ్ఱపు పాల పానీయము త్రాగుచు వారి మధ్య ఉండెను. 1871లో ఆ ప్రాంతములోనే వేలకొలది ఎకరముల భూమిని తనకొరకు కొనెను. పదునైదేండ్ల పిమ్మట ఈ కథ వ్రాసెను. కాబట్టి పహోము ఎవరో పరాయివాడు కాడు. ఆ మైదానపు అంచున నిలిచి ‘ఇంకొంచెము’ అని తలపోయు మనస్సెట్టిదో టాల్‌స్టాయికి తన లోపలనే తెలియును. ఈ కథ పేదవానికి ధనికుడు చెప్పిన నీతి కాదు. ధనికుడు తన రోగమును తాను పేరుపెట్టి పిలిచిన ఒప్పుకోలు. తరువాత 1892లో అతడు తన ఆస్తిని భార్యాబిడ్డలకు పంచియిచ్చెను. 1910లో ఇల్లు విడిచిపోయి అస్తాపొవో అను చిన్న రైల్వే స్టేషనులో మరణించెను. యాస్నయ పొల్యానా చెట్ల నడుమ అతని సమాధి పైన రాయి లేదు, పేరు లేదు. ఉన్నది మట్టి దిబ్బ మాత్రమే. అంతవరకు అతడు వ్రాసిన మాట నిలువబెట్టుకొనెనని చెప్పవలెను.

అయినను ఒప్పుకోలును ఎవరు ఎవరికి చదివి వినిపించుచున్నారనునది ముఖ్యము. ఎక్కువ తిని కడుపునొప్పి వచ్చినవాడు ‘తక్కువ తినవలెను’ అని చెప్పుట మంచిదే. ఆ మాటను తీసికొనిపోయి పస్తున్నవానికి బోధించినచో అది సువార్త కాదు.

ఈ లోపమును రష్యా దేశపు మరియొక రచయిత కనిపెట్టెను. అతడు చెకోవు. 1898లో ‘గూస్‌బెర్రీలు’ అను కథ వ్రాసెను. గూస్‌బెర్రీ యనగా అక్కడి పెరళ్లలో పెరుగు పుల్లని చిన్న పండు. అందులో ఒక పాత్ర, మూడు మూరల కొలత శవమునకు చాలును గాని బ్రదికియున్న మనిషికి చాలదనియు, అతనికి భూలోకమంతయు కావలెననియు వాదించును. మొదట చదివినప్పుడు ఇది గర్వపు మాటవలె తోచినది. కథ పూర్తిగా చదివిన పిమ్మట దాని భావము తెలిసినది. అందులో ఒక గుమాస్తా కలడు. తనదని చెప్పుకొనుటకు ఒక చిన్న జమీను, అందులో గూస్‌బెర్రీ పొదలు కావలెననునది అతని కల. దానికొరకు కడుపు మాడ్చుకొనెను. డబ్బు కొరకు ఒక వితంతువును పెండ్లాడి ఆమెకును చాలినంత తిండి పెట్టలేదు, ఆమె చనిపోయెను. కడకు జమీను కొనెను. పండ్లు గట్టివి, పుల్లనివి. అతడు మాత్రము ఎంత రుచియని కన్నీళ్లతో తినెను. అతని తాత పొలము దున్నిన రైతు. ఇతడు తాను కులీనుడనని చెప్పుకొనుచు, ప్రజలు తనను ‘దొరా’ అని పిలువకున్న కోపపడును.

చూచితిరా? పహోము తృప్తి లేక చచ్చెను. ఈ గుమాస్తా తృప్తి పొంది చెడెను. ఇతనికి ఇంక ఏమియు అక్కరలేదు, ఎవరును అక్కరలేదు. కడుపు నిండి, తలుపు మూసికొని, పొరుగింటి ఏడుపు వినబడని తృప్తి ఇది. సుఖముగానున్న ప్రతి మనిషి తలుపు వెనుక సుత్తి పట్టుకొని ఒకడు నిలిచి, దుఃఖపడువారు కలరని తట్టుచుండవలెనని ఆ కథలో చెప్పబడినది. నన్నడిగినచో ఆదరణ కూడికలో నన్ను ఆపిన ఆ తల్లి నా తలుపు తట్టినది.

కాని ఈ రెండు కథలును ఒక ప్రశ్నను అడుగలేదు. టాల్‌స్టాయి ‘ఎంత?’ అని అడిగెను. చెకోవు ‘అంతేనా?’ అని అడిగెను. ఆ భూమి ఎవరిది అని ఇద్దరును గట్టిగా అడుగలేదు. టాల్‌స్టాయి కథలో బాష్కీరులు నవ్వుచు, త్రాగుచు, తమ నేలను దినపు బేరమునకు ఇచ్చివేయుదురు. నిజ చరిత్రలో ఆ శతాబ్దమందు బాష్కీరుల భూములు మిక్కిలి అగ్గువకు వారి చేతులలోనుండి జారిపోయినవి. వారి బిడ్డలు తరువాత ఎక్కడ పశువులు మేపుకొనిరో కథ చెప్పదు. ఎంత గొప్ప కథయైనను ఇది దాని కొరతయని నా యభిప్రాయము. ఈ ప్రశ్న కొరకు మనము పరిశుద్ధ గ్రంథమునకే రావలెను.

అహాబు రాజు కథను చదువుడి. రాజ్యమంతయు అతనిది. అయినను నగరు ప్రక్కనున్న నాబోతు ద్రాక్షతోట కూరతోటకు కావలెనని కోరెను. కావలసినంత వెల ఇచ్చెదననెను, అంతకంటె మంచి తోట ఇచ్చెదననెను. బేరము చూచినచో న్యాయముగానే కనబడును. నాబోతు, ఇది నా పితరుల స్వాస్థ్యము, ఇయ్యనని చెప్పెను. రాజు మంచముమీద పండుకొని ముఖము త్రిప్పుకొని భోజనము మానెను. దేశమును ఏలువాడు కూరతోట కొరకు చిన్నబిడ్డవలె అలిగెను! అధికార దాహమును ఇంత చక్కగా చూపిన చిత్రము టాల్‌స్టాయి కథలో సహితము లేదు. తరువాత యెజెబెలు రాజముద్రతో తాకీదులు వ్రాసెను, దొంగసాక్షులు నిలిచిరి, ఊరి పెద్దలు లోబడిరి, నాబోతు రాళ్లతో కొట్టబడి చచ్చెను. అహాబు తోటను స్వాధీనపరచుకొనబోగా ఏలీయా ఎదురువచ్చెను.

ఈ కథలో తృప్తిగలవాడెవడు? నాబోతే. అతడు రాజునొద్ద ఏదియు కోరలేదు. మంచి తోటయు, వెండియు అతనిని కదలింపలేదు. కాని ఆ తృప్తి లొంగుబాటు కాలేదు సుమా! తృప్తిగలవాడు గనుకనే రాజుతో ‘కాదు’ అనగలిగెను. ఆశగలవానిని రాజు కొనగలడు, తృప్తిగలవానిని కొనలేడు. తృప్తిని గూర్చి మనము చెప్పు ప్రసంగములలో ఈ సగము ఎల్లప్పుడు విడిచిపెట్టబడుచున్నది. ఉన్నదానితో సర్దుకొనుము, నోరు మూసికొనుము, పరలోకములో దొరకును అని చెప్పి దానినే తృప్తి యనుచున్నాము.

అపొస్తలుడైన పౌలును చూడుడి. ఏ స్థితిలోనున్నను సంతృప్తిగా ఉండుట నేర్చుకొంటినని అతడు సంకెళ్లలోనుండి ఫిలిప్పీ సంఘమునకు వ్రాసెను. ఆ ఫిలిప్పీ పట్టణములోనే, మునుపొకసారి, అధికారులు తన్ను విచారణ లేక కొట్టించి చెరలో వేసి మరునాడు రహస్యముగా వెళ్లగొట్టబోగా, అతడు వెళ్లనని కూర్చుండి, వారే వచ్చి మమ్మును వెలుపలికి తీసికొనిపోవలెనని పట్టుబట్టెను (అపొ. కార్య. 16:37). ఆ ఉత్తరము చదివినవారికి ఈ సంగతి బాగుగా జ్ఞాపకమున్నది. తన సుఖము విషయములో కొంచెముతో చాలించుకొనుట, న్యాయము విషయములో చాలించుకొనకుండుట, ఈ రెండును ఒకే మనిషిలో ఉండవచ్చునని వారెరిగిరి.

సెలోపెహాదు కుమార్తెల సంగతియు చూడుడి. తండ్రికి కుమారులు లేనందున స్వాస్థ్యము పోవుచుండగా ఆ అయిదుగురు అక్కచెల్లెండ్రు కలిసి మోషే యెదుటను, సమాజమంతటి యెదుటను నిలిచి మాకును పాలు ఇయ్యుడని అడిగిరి. దేవుడు వారిని ఆశపోతులని గద్దింపలేదు; వారు చెప్పినది యుక్తమేయని తీర్పు చెప్పెను. భూమి అడుగుట అంతయు దురాశ కాదని ఇంతకంటె స్పష్టమైన వాక్యమేమి కావలెను?

మన తెలుగు నేలమీదనే టాల్‌స్టాయి ప్రశ్న ఒకసారి నిజముగా అడుగబడినది. గాంధీగారు టాల్‌స్టాయి రచనలను గౌరవించి, 1910లో జోహాన్సుబర్గు సమీపమున తాము స్థాపించిన ఆశ్రమక్షేత్రమునకు ఆయన పేరే పెట్టిరి. ఆ గాంధీగారి శిష్యులైన వినోబా భావే 1951 ఏప్రిల్ 18న అప్పటి నల్గొండ జిల్లాలోని పోచంపల్లికి వచ్చిరి. అక్కడి హరిజనవాడలోని నిరుపేదలు మాకు భూమి కావలెననిరి. ఎంత కావలెనని ఆయన అడిగిరి. వారు 80 ఎకరములు చాలుననిరి. సభలోనున్న వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇచ్చెదననిరి. భూదానోద్యమము అట్లు పుట్టినది. ఆ ఉద్యమములో తరువాత వాగ్దానము చేయబడిన భూమియంతయు పేదల చేతికి రాలేదనునదియు నిజమే. కాని ఆ జవాబును చూడుడి. సెంటు భూమి లేనివారు, అడుగుటకు అవకాశము వచ్చినప్పుడు, కలిసి కూర్చుండి లెక్క చూచుకొని ‘ఇంత’ అని చెప్పిరి. బాష్కీరుల మైదానములో పహోము చెప్పలేని మాట అదియే.

కోరికను పరీక్షించుకొనుటకు ఇందులోనే మనకు కొలతబద్ద దొరకుచున్నది. న్యాయమైన కోరిక ‘ఇంత’ అని చెప్పగలదు. దురాశ ‘ఇంకొంచెము’ అనునే గాని అంకె చెప్పదు. న్యాయమైన కోరిక ‘ఇది మునుపు ఎవరిది?’ అని విచారించును; దురాశ నాబోతును గూర్చి తెలిసికొనుటకు ఇష్టపడదు. న్యాయమైన కోరిక పదిమందితో కలిసి అడుగును. దురాశ ఒంటరిగా పరుగెత్తును.

ఈ బద్దతో పహోమును కొలిచితిని, గుమాస్తాను కొలిచితిని. నన్నును కొలుచుకొనక తప్పదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా పై సభలో ఒక పదవికి నా పేరు ప్రతిపాదింపబడెను. దేవుని సేవకేయని నాకు నేను చెప్పుకొంటిని. కాని ఆ మూడు నెలలు నేను రోగులను దర్శించుట తగ్గించి, ఓట్లుగలవారిని దర్శించుట హెచ్చించితిని. ఎవరు నావారు, ఎవరు కారు అని ప్రార్థన సమయములో సహితము మనస్సు లెక్కించుచుండెను. ఒక సహోదరుని చిన్న పొరపాటు నా చెవిని పడగా, కప్పవలసినది కప్పక, ఉపయోగపడునని దాచుకొంటిని. పొరుగువాని ఆవు నా పచ్చికలోనికి వచ్చిన వేళ అది. నేను ఓడిపోతిని. పిమ్మట ‘నాకు పదవులు అక్కరలేదు, ఉన్నదానితో తృప్తిగలవాడను’ అని అందరితో చెప్పుచు తిరిగితిని. అది తృప్తి కాదు. మంచముమీద ముఖము త్రిప్పుకొని పండుకొనిన అహాబు అలుక. పుల్లని పండును తియ్యగానున్నదని తినుట. ఇది వ్రాయుటకు సిగ్గగుచున్నది గాని, కమిటీ ఎన్నికలలో ఒకే బల్లయొద్ద రొట్టె విరిచినవారు రెండు పక్షములై మాటలు మానుకొనిన సంఘములు మన మధ్య కలవు గనుక వ్రాయుచున్నాను.

తుదకు ఆరడుగుల మాట. ఆ కథ చెప్పునప్పుడు, ఆ ఆరడుగులైనను అందరికి దొరకునను తలంపు మన మనస్సులో నుండును. నేను సేవచేసిన ఒక ఊరిలో అదియు దొరకలేదు. మన పేటవారి సమాధులు వాగు గట్టున ఉండెను. వానకాలములో ఆ నేల కోసుకొనిపోవుచుండెను. మిగిలిన దానిలోనికి ప్రక్క పొలపు గట్టు ఏటేట జరుగుచుండెను. పాత గొయ్యి తగులకుండ కొత్త గొయ్యి త్రవ్వుట కష్టమాయెను. అట్టి చోట నిలువబడి నేను మనిషికి ఆరడుగులు చాలునని ప్రసంగించితిని! వినినవారు ఎంత ఓర్పుగలవారో యిప్పుడు తలంచుకొనుచున్నాను. కొన్నాళ్లకు పెద్దలు, యౌవనులు, స్త్రీలు చర్చిలో కూడి, అర్జీ వ్రాయించి, అందరును సంతకములు, వ్రేలిముద్రలు వేసిరి. ఎకరము అడుగుదమని ఒకరు, రెండెకరములని ఒకరు అనగా, ఒక వృద్ధుడు, మన పేటలో ఇండ్లెన్ని, ఏటికి ఎందరు పోవుచున్నారు, లెక్క చూచి అడుగుడి అనెను. అట్లే అర ఎకరము అడిగిరి. మండల కార్యాలయమునకు ఎన్నోసారులు తిరిగిన పిమ్మట అది మంజూరాయెను. ఆ దినమున ఆ చర్చిలో వారు పాడిన కృతజ్ఞతా కీర్తన వంటిది నేను మరెక్కడను వినలేదు.

కాబట్టి బోధకులైన నా సహోదరులకు నా మనవి యిది. టాల్‌స్టాయి కథను మానవద్దు. అది మంచి కథ. కాని ఉన్నవారి ఇంట చివరి పుట చెప్పుడి. పెద్దరికము చేయువారి యెదుట, సంఘపు కమిటీల యెదుట, కోర్టుకెక్కిన నడిమి పుట చెప్పుడి. లేనివారి మధ్య, కలహముచేత చెడిపోయిన ఆ ఉమ్మడి కూటమి సంగతి చెప్పి, మీ కూటమిని చెడనియ్యకుడని చెప్పుడి. చెప్పుచున్న మీకు ఎంత కలదో కూడ జ్ఞాపకముంచుకొనుడి.

మొన్న నేను ఆ తల్లిని చూడ మరల వెళ్లితిని. ఆమె ప్రశ్నకు జవాబు దొరికినదని చెప్పి, రష్యా దొర తన కొరకు వేల ఎకరములు కొనుక్కొని, పిమ్మట పశ్చాత్తాపపడి ఆ కథ వ్రాసెనని చెప్పితిని. ఆమె కొంతసేపు ఆలోచించి, “అయితే మంచోడేనండి, ఆయనకి ఆయనే రాసుకున్నాడన్నమాట” అనెను. ఇన్నేండ్లు చదివిన నేను పుటలకొలది వ్రాసినది ఆమె ఒక్క మాటలో ముగించెను. మీకేమి కావలెనమ్మా అని అడిగితిని. “రెండు సెంట్ల ఇంటి స్థలమండి. వాకిట్లో ఒక మునగచెట్టు పెట్టుకుంటాను. పేటలో ఆరు ఇళ్ళోళ్ళం లేనివాళ్ళం ఉన్నామండి, ఆరుగురికీ కలిపే అర్జీ పెట్టాం” అనెను.

ఆమె ‘ఇంత’ అని చెప్పినది. ఒంటరిగా అడుగలేదు. ఇదియే దైవభక్తితో కూడిన సంతుష్టియని నేను నమ్ముచున్నాను.

ప్రార్థన: ప్రభువా, మాకు కలిగినది చాలునని మేము చెప్పగల మనస్సు దయచేయుము. మా పొరుగువానికి కలిగినది చాలునని మేము చెప్పకుండునట్లు మా నోటికి కావలి యుంచుము. ఆమేన్.